ఒక సైజు పెద్ద జాకెట్

బండి తాళం తీసి జేబులో వేసుకోవడానికి లక్ష్మీపతికి ఆ ఉదయం నాలుగు ప్రయత్నాలు పట్టాయి. వేళ్లు వంగలేదు. మనాసస్‌లో తను పనిచేసే డేటా సెంటర్ పార్కింగ్‌లో, మోటారుసైకిలు పక్కనే నిలబడి, చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని కాసేపు ఊరుకున్నాడు. ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. డిసెంబరు మొదటివారం. తెల్లవారడానికి చాలా టైముంది.

పావుగంట కిందట, సెంటర్‌విల్ దాటాక సిగ్నల్ దగ్గర ముందు కారు ఆగింది. బ్రేకు నొక్కాలని అతనికి తెలుసు. వేళ్లు మాత్రం ఆలస్యంగా కదిలాయి. ముందు చక్రం కారు బంపరుకి జానెడు దూరంలో ఆగింది. కారులో ఉన్నావిడ వెనక్కి తిరిగి చూడనైనా లేదు. ఆవిడకి తెలియదు. భార్య ఉమకి కూడా తెలియకూడదని పార్కింగ్‌లో నిలబడ్డప్పుడే నిశ్చయించుకున్నాడు.

ఉమామహేశ్వరికీ అతనికీ అక్టోబరులో ఒక ఒప్పందం జరిగింది. కూతురు భవితకి డ్రైవింగ్ లైసెన్సు రాగానే ఇంట్లో రెండో కారు ఆ పిల్ల చేతిలోకి వెళ్లిపోయింది. లక్ష్మీపతికి బండి మిగిలింది. "మంచు పడిన రోజు నేను దింపుతా. మిగతా రోజులు మీ ఇష్టం. ఈ ఒక్క చలికాలం చూస్తా," అంది ఉమ. "కానీ భయపడేలాంటిది ఏదన్నా జరిగితే మీరే చెప్పాలి. నేను రోజూ అడుగుతూ కూర్చోను. ఒక్కసారి జరిగినా సరే, అమ్మేద్దాం." అతను సరేనన్నాడు. అప్పుడు గాలి ఇంకా గోరువెచ్చగానే ఉంది.

ఆ బండి మీద అతనికున్న పట్టుదలకి కారణం ఉమకి తెలుసు. తెలుసు కాబట్టే అక్టోబరులోనే అమ్మేయమనలేదు. పదకొండేళ్ల కిందట ఆవిడ ఉద్యోగం మీద, ఆవిడ వీసా మీద ముగ్గురూ ఈ దేశానికి, ఆష్‌బర్న్‌కి వచ్చారు. లక్ష్మీపతి డిపెండెంట్. అంతకుముందు హైదరాబాదులో ఆస్పత్రులకీ బ్యాంకులకీ యూపీఎస్ బ్యాటరీలు బాగుచేస్తూ, ఎర్రటి ఎండలో తడి రుమాలు నెత్తిన కట్టుకుని రోజుకి వంద కిలోమీటర్లు బండి నడిపిన మనిషి. ఇక్కడ ఆరేళ్లు పని చేయడానికి కాగితాలు ఒప్పుకోలేదు. వంట చేశాడు, భవితని బస్ స్టాపుకి నడిపించాడు, పుట్టినరోజు పార్టీల్లో "మీరేం చేస్తుంటారండీ?" అని ఎవరైనా అడిగితే "ఇవ్వాళ సాంబారు చేశానండీ" అని నవ్వించాడు. పర్మిట్ వచ్చి, ఈ ఉద్యోగం దొరికాక తనకంటూ కొనుక్కున్న మొదటి వస్తువు ఈ పాత మోటారుసైకిలు. ఇంటి చుట్టూ ఎటు చూసినా డేటా సెంటర్లే, అతని పని మాత్రం నలభై నిమిషాల దూరంలో. ఆ నలభై నిమిషాలూ అతన్ని ఎవరూ ఏమీ అడగరు.

శనివారం భవితని వెంటబెట్టుకుని స్టెర్లింగ్ దగ్గర రైడింగ్ బట్టల దుకాణానికి వెళ్లాడు. జేబులో మడతపెట్టిన కాగితం ఉంది. పనిలో అతను రోజూ చూసేది కరెంటు లెక్కే. కొత్త మెషిన్ల వరస ఒకటి లోపలికి వస్తోందంటే ఎంత ఉంది, ఎంత కావాలి, ఎంత మిగుల్తుందని చూడనిదే తలుపు తీయరు. బండికీ అదే లెక్క వేశాడు. ఇంజనూ హెడ్‌లైటూ పోగా నూట పది వాట్లు మిగుల్తుంది. అందులో ఎనభై శాతం దాటి వాడకూడదన్నది అతని పని నేర్పిన నియమం. అంటే ఎనభై ఎనిమిది.

దుకాణంలో తెల్లగడ్డాన్ని జడలా అల్లుకున్న పెద్దాయన ఆ కాగితం చూసి సంబరపడ్డాడు. జనం అన్నీ కొనేసి, దారి మధ్యలో బ్యాటరీ చచ్చిపోయాక నాకు ఫోన్ చేసి తిడతారు, హోంవర్క్ చేసుకొచ్చిన వాణ్ని నిన్నే చూస్తున్నానన్నాడు. బల్ల మీద వరసగా పరిచాడు. వైర్లు కుట్టిన లోపలి జాకెట్టుకి ఎనభై వాట్లు. గ్లవ్స్ జతకి ముప్పై. ప్యాంటుకి నలభై అయిదు.

"నాన్నా, ఇది లిటరల్లీ ఎలక్ట్రిక్ బ్లాంకెట్‌కి స్లీవ్స్ పెట్టినట్టుంది," అంది భవిత.

"గ్లవ్స్, ప్యాంటు కలిపితే డెబ్భై అయిదు. సరిపోద్ది," అన్నాడు లక్ష్మీపతి. అతని భయమంతా వేళ్ల మీదే ఉంది.

పెద్దాయన ఒప్పుకోలేదు. ఛాతీ చల్లబడితే ఒళ్లు ముందు గుండెని కాపాడుకుంటుంది, వేళ్లకి రక్తం పంపడం మానేస్తుంది అన్నాడు. ముందు జాకెట్ కొను, వేళ్లు వాటంతటవే దారికొస్తాయి, నలభై ఏళ్లుగా చలికాలం బండి నడుపుతున్నా, ఇవిగో నా వేళ్లు అని పదీ విప్పి చూపించాడు. లక్ష్మీపతి ఆ వేళ్లని చాలాసేపు చూశాడు. జాకెట్టుకే ఒప్పుకున్నాడు.

పెద్దాయన మీడియం ఇచ్చాడు. బనీనులా ఒంటికి అంటుకుని ఉండాలని, లోపల పల్చటి చొక్కా తప్ప ఏమీ వేయకూడదని చెప్పాడు. లక్ష్మీపతి తొడుక్కుని, జిప్పు పైకి లాగి, అద్దంలో చూసుకున్నాడు. పొట్ట దగ్గర పట్టేసింది.

"లార్జ్ అడుగు," అన్నాడు కూతురితో మెల్లగా.

"వై? పర్ఫెక్ట్‌గా ఉంది!"

"లోపల స్వెటర్ వేసుకోవద్దా? ఒక సైజు పెద్దదుంటే రేపు ఎటన్నా పనికొస్తది."

"నువ్ ఇంక గ్రో అవ్వవు నాన్నా. యూ ఆర్ ఫార్టీ ఎయిట్."

పుట్టిన దగ్గర్నుంచీ అతని ఒంటికి సరిగ్గా సరిపోయిన బట్ట లేదు. స్కూలు చొక్కా రెండేళ్లు రావాలి. పెళ్లి సూటు పిల్లలు పుట్టాక కూడా పట్టాలి. భవిత చిన్నప్పటి గౌన్లన్నిటికీ లోపల మడతలే. సరిగ్గా సరిపోయే బట్ట కొనడమంటే అతనికి ఏదో ఒళ్లు తెలియని ఖర్చులా ఉంటుంది. పెద్దాయన ఇంకోసారి మీడియం అన్నాడు. పాటించే ఉద్దేశం లేని సలహాకి ఊపినట్టే లక్ష్మీపతి తల ఊపి, లార్జ్ తీసుకున్నాడు. ఒకసారి కరెంటు పెట్టిన బట్ట వాపసు తీసుకోబడదని కౌంటరు మీద రాసి ఉంది. అది భవిత గట్టిగా చదివి వినిపించింది కూడా.

సోమవారం తెల్లవారుజామున ఫారెన్‌హీట్‌లో ఇరవై రెండు డిగ్రీలు, అంటే నీళ్లు గడ్డకట్టే చలికన్నా ఇంకా కింద. స్వెటరు మీద జాకెట్టు, దాని మీద రైడింగ్ కోటు వేసుకుని, వైరు బండికి తగిలించి బయల్దేరాడు. రూట్ ఇరవై ఎనిమిది ఎక్కేసరికి నడుము దగ్గర గాలి దూరి జాకెట్టు సంచిలా ఉబ్బింది. వైరు తగిలిన చోట మోచేతులు చురుక్కుమంటున్నాయి. మిగతా ఒళ్లంతా ఎప్పటి చలే. కరెంటు కష్టపడి స్వెటరుని వెచ్చబెడుతోంది, స్వెటరు ఆ వేడిని తన దగ్గరే ఉంచుకుంటోంది. వేళ్లు పోయిన వారంలాగే మొద్దుబారాయి. ఆ సిగ్నల్ ఇంకా ఫర్లాంగు దూరం ఉండగానే వేగం తగ్గించి, వెనకవాడు హారన్ కొడుతున్నా పట్టించుకోకుండా పాక్కుంటూ వెళ్లాడు.

సాయంత్రం ఇంటికొచ్చి వంటింట్లో కుర్చీలో కూలబడ్డాడు. కోటు విప్పలేదు.

"కొత్త జాకెట్ ఎలా ఉంది? వేడి తగుల్తోందా?" అంది ఉమ అన్నం కుక్కరు మూత తీస్తూ.

"తగుల్తోంది."

ఉమ వచ్చి కోటు జిప్పు తీసి, జాకెట్టు కింద చెయ్యి పెట్టింది. మోచెయ్యి దాకా లోపలికి పోయింది.

"ఎక్కడ తగుల్తోందండీ? ఇందులో ఇంకో మనిషి పట్టేట్టున్నాడు!"

"ఐ టోల్డ్ హిమ్," అంది భవిత టేబుల్ దగ్గర్నుంచి. "స్టోర్ అంకుల్ కూడా చెప్పాడు. లార్జ్ కొన్నాడు."

"మీ వంశమే అంత. పెళ్లిలో మీ అమ్మగారు పెట్టిన గాజులు మోచేతి దాకా ఎక్కేవి. రేపు ఒళ్లు చేస్తావులే అమ్మాయ్, అన్నారు. ఇరవై ఏళ్లయింది, ఇంకా చూస్తున్నా."

లక్ష్మీపతి కూడా నవ్వాడు. నవ్వుతుంటే దవడలు నొప్పెట్టాయి. ఉమ నవ్వు ఆపి అతని చేతులు పట్టుకు చూసింది. ఏమీ అడగలేదు. అడగనని ముందే చెప్పింది కదా.

మర్నాడు తెల్లవారుజామున అతను గరాజ్‌లోకి వచ్చేసరికి ఉమ పాత నూలు చున్నీ పట్టుకుని నిలబడి ఉంది.

"ఆ స్వెటరు తీసెయ్యండి."

"చచ్చిపోతాను."

"తీయండి. చేతులెత్తండి." ఛాతీ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా, జాకెట్టు ఒంటికి అతుక్కునేలా చున్నీ బిగించి చుట్టింది. ఊపిరి బిగబట్టి లాగుతోంది. "పెళ్లిపీటల మీద కూడా మీ కోసం ఇంత కష్టపడలేదు. పిన్నీసు పెట్టనా?"

"వద్దు, లోపల వైర్లున్నాయి."

"అయితే వెనక ముడేస్తా." గట్టిగా రెండు ముళ్లు వేసి, కొసలు లోపలికి దోపింది. వీపు మీద చిన్నగా చరిచింది. "ఇంక భయం లేదుగా?"

సిగ్నల్ సంగతి గొంతు దాకా వచ్చింది. "లేదు," అన్నాడు.

ఆశ్చర్యం, చున్నీ పనిచేసింది. హెర్న్‌డన్ దాటేలోపే ఛాతీ అంతా పొయ్యి దగ్గర కూర్చున్నట్టు వెచ్చబడింది. కాసేపటికి వేళ్లలో చీమలు పాకాయి, ఆపైన అవి మామూలు వేళ్లయిపోయాయి. సిగ్నల్ దగ్గర బ్రేకు మీద రెండు వేళ్లు పెట్టగానే బండి మెత్తగా ఆగింది. ముందు కారు బారెడు దూరంలో ఉంది. పార్కింగ్‌లో తాళం ఒక్క ప్రయత్నంలో జేబులో పడింది. ఇప్పుడింక చెప్పాల్సిన పని లేదని, అది అయిపోయిన సంగతని తనకి తను నచ్చజెప్పుకున్నాడు.

ఆ రోజు జనరేటర్ల పరీక్ష. పన్నెండు గంటల్లో కూర్చున్నది భోజనానికొక్కసారే. బయట జనరేటర్ల దగ్గర గడ్డకట్టే చలి, లోపల మెషిన్ల వేడిగాలి. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎన్నిసార్లు తిరిగాడో లెక్కలేదు. సాయంత్రం ఆరున్నరకి మళ్లీ బండెక్కి, వైరు తగిలించాడు. చున్నీ పొద్దున్నించీ అలాగే ఉంది, విప్పితే మళ్లీ కట్టేవాళ్లు లేరని.

వెచ్చదనం మెల్లగా వీపు మీంచి మెడకి, మెడ మీంచి కళ్లకి ఎక్కింది. ఇన్నాళ్లూ చలి అతన్ని చెంపలు వాయించి మరీ ఇంటికి తెచ్చేది. ఇవాళ చెంప మీద కొట్టేవాళ్లు లేరు. సెంటర్‌విల్ దగ్గర సిగ్నల్‌లో ఆగాడు. వెనక నుంచి పెద్ద హారన్. కళ్లు తెరిస్తే పచ్చలైటు వెలుగుతోంది. ముందు కార్లు ఎప్పుడో వెళ్లిపోయాయి. కాళ్లు రెండూ నేల మీదున్నాయి కాబట్టి బండి పడలేదు.

తల విదిలించుకుని ముందుకి పోనిచ్చాడు. రెండు మైళ్లు వెళ్లి ఉంటాడు. ఒక్కసారిగా బండి కింద నేల దడదడలాడింది. నడుపుతూ నిద్రపోయేవాళ్లని లేపడానికి రోడ్డు అంచున చెక్కిన గాళ్లు. చక్రం వాటి మీద ఉంది. వాటికి అవతల జానెడు తారు, దానికి అవతల ఇనుప కమ్మీ. హ్యాండిల్ ఎలా తిప్పాడో అతనికి గుర్తు లేదు. లేన్‌లోకి వచ్చాక ఎడంచేత్తో తడిమి జాకెట్టు స్విచ్చి ఆపేశాడు. హెల్మెట్ అద్దం పైకెత్తాడు. గాలి కళ్లలో కొట్టి నీళ్లు కారుతుంటే, వేళ్లు మళ్లీ కట్టెలవుతుంటే, అలాగే ఇల్లు చేరాడు.

గరాజ్‌లో బండి ఆపి, వంటింటి గుమ్మం మెట్టు మీద కూర్చున్నాడు. కోటు విప్పగలిగాడు. చున్నీ ముళ్లు వెనక ఉన్నాయి, అందలేదు. అందినా ఆ వేళ్లతో రావు.

"ఉమా," అని పిలిచాడు.

ఉమ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. చూసి నవ్వబోయింది. "పొద్దున్నించీ అలాగే ఉన్నారా? కాస్త ముందుకి వంగండి." వెనకాల మెట్టు మీద కూర్చుని ముడి పట్టుకుంది. బిగుసుకుపోయింది. గోళ్లతో లాగుతోంది.

ఆవిడ మొహం కనపడకపోవడం అతనికి సాయపడింది. ఎదురుగా ఉన్న బండిని చూస్తూ చెప్పాడు. "దారిలో నిద్రపోయాను."

ముడి మీద వేళ్లు ఆగాయి.

"రోడ్డు అంచుదాకా పోయింది. గాళ్ల చప్పుడుకి లేచాను." మొద్దుబారిన చేతులు చంకల్లో పెట్టుకున్నాడు. "పోయినవారం కూడా అయింది. బ్రేకు పట్టలేకపోయా. కారుకి జానెడు దూరం. చెప్పలేదు."

కదిలేవాళ్లెవరూ లేకపోయేసరికి గరాజ్ లైటు దానంతటదే ఆరిపోయింది. ఉమ చెయ్యెత్తి ఊపితే మళ్లీ వెలిగింది.

"పొద్దున అడిగాను కదండీ," అంది. "ఇక్కడే నిలబడి అడిగాను. నేనే కట్టి పంపించాను."

ఉమ మళ్లీ ముడి అందుకుంది. రెండోదాన్ని పళ్లతో పట్టి లాగాల్సి వచ్చింది. ఊడిపోగానే జాకెట్టు ఒక్కసారి వదులై అతని చుట్టూ వేలాడింది.

"తాళం ఇవ్వండి."

ఇచ్చాడు. చున్నీ మడతపెట్టి, తాళం దాని మధ్యలో పెట్టుకుని లేచింది. "రేపు ఎన్నింటికి లేవాలి?"

"నాలుగున్నరకి. నువ్వు మళ్లీ వెనక్కొచ్చి ఎనిమిదింటికి మీటింగ్‌లో కూర్చోవాలి. రోజూ ఎట్లా చేస్తావు?"

"ఎట్లానో. మూడో కారు సంగతి ఆదివారం చూద్దాం. అన్నం తినండి ముందు."

"అమ్మేద్దామా?"

ఉమ బండి వంక చూసింది. అలిసిపోయిన మొహం. "ఒప్పుకున్నాంగా," అంది. తలుపు సగం తీశాక ఆగింది. "చార్జర్ పెట్టండి దానికి. చలికి బ్యాటరీ చచ్చిపోతే కొనేవాడు కూడా రాడు."

పొద్దున్నే ఉమ కారు వెనక్కి తీస్తుంటే లక్ష్మీపతి పక్క సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. గరాజ్‌లో చార్జర్ పచ్చలైటు వెలుగుతూ ఉంది. తలుపు కిందికి దిగేదాకా దాన్ని చూశాడు. ఉమ ఏదో అడిగింది, మధ్యాహ్నం డబ్బా గురించి కావచ్చు. జవాబు చెప్తూ చెప్తూనే, రూట్ ఇరవై ఎనిమిది ఎక్కకముందే నిద్రపోయాడు. ఉమ రేడియో ఆపేసింది.