ఉయ్యాల కింద బొంత

శాంతిరాజ్ ముప్ఫయ్యొక్క ఏళ్లు బొగ్గుబాయిలో గని కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టిన మనిషి. రిటైరయ్యాక గోదావరిఖని శివార్లలో, ఎప్పుడో మూతపడ్డ బాయి పక్కన రెండెకరాలు కౌలుకు తీసుకుని పల్లి వేశాడు. అడవిపందులు చేను తవ్విపోస్తుంటే కావలి తప్పలేదు. మంచె ఎక్కడానికి మోకాళ్లు ఒప్పవు. నేల మీద పాముల భయం. రెండు వేపచెట్ల నడుమ నైలాన్ ఉయ్యాల కట్టాడు.

డిసెంబరు చలి కిందినుంచి వచ్చి వీపు పట్టుకుంది. దుప్పటి ఎంత మందంగా పరుచుకున్నా తెల్లారేసరికి నడుము కొయ్యబారేది. భార్య సాయమ్మ పాత చీరలు రెండు జతచేసి, గళ్లుగళ్లుగా కుట్లు వేసి, బూరుగుదూది కూరాడు. అడుగున గాలి తగలకుండా యూరియా బస్తాలు కుట్టి, చివరలకు నాడాలు పెట్టి, ఉయ్యాల కింద వేలాడగట్టాడు.

"పండేటోడు పైన, బొంత కింద! గిదేం తరీకయ్యా?" అని నవ్వింది సాయమ్మ.

"నా బరువుకు దూది అణిగితే అప్పడమైతది. కింద వదులుగ యేలాడితేనే పొంగి, వెచ్చగుంటది."

నిజంగానే వారం రోజులు హాయిగా నిద్రపోయాడు. ఆ తర్వాత ఒక తెల్లవారుజామున ఒళ్లంతా చెమటతో మెలకువ వచ్చింది. చేనంతా మంచు కప్పుకుంది, చెట్ల కింద మాత్రం నేల పొడిగా ఉంది. బస్తాల అడుగున నీటిబొట్లు పట్టాయి. పక్కచేను ఆగయ్య ఎద్దులు రెండూ అక్కడే పడుకుని నెమరు వేస్తున్నాయి.

శాంతిరాజ్ దిగి మట్టి వాసన చూశాడు. కిరసనాయిలు కంపు. ఇదే కంపు ఒకసారి బాయిలో తగిలితే షిఫ్టు మొత్తాన్నీ పైకి తోలారు. వెనకబడ్డ ఇద్దరు రాలేదు.

"తమ్మీ, ఎడ్లను కొట్టుకపో. కింద బొగ్గు అంటుకున్నది."

"నీ బొంత వేడికి భయపడ్తున్నవానే శాంతన్నా? చలికాలం, మంచిగ పండనియ్యి," అన్నాడు ఆగయ్య.

శాంతిరాజ్ ఎద్దుల పలుపులు తనే విప్పి రోడ్డు దాకా తోలాడు. ఆగయ్య బూతులు తిడుతూ వెంటపడ్డాడు. రెండు రోజులు ఇద్దరికీ మాటల్లేవు. ఎద్దులను మాత్రం ఆగయ్య ఇంటి దగ్గరే కట్టేశాడు.

మూడోరోజు పొద్దున పది గంటలకు, చప్పుడైనా లేకుండా, ఒక వేపచెట్టు నిలువునా భూమిలోకి దిగిపోయింది. ఉయ్యాలా బొంతా దాని వెంటే పోయాయి. గుంతలోంచి పసుప్పచ్చ పొగ లేచింది. సాయంత్రానికి అధికారులొచ్చి తీగ కంచె వేశారు. ఆగయ్య ఇంటికొచ్చి శాంతిరాజ్ చేతులు పట్టుకున్నాడు.

అతను వెళ్లాక సాయమ్మ అడిగింది: "మనింటి కింద గూడ బాయి ఉన్నదా?"

శాంతిరాజ్‌కు తెలుసు. అక్కడ దిమ్మెలు పెట్టింది తనే. పెట్టి పాతికేళ్లు దాటింది.

"అన్నం పెట్టు," అన్నాడు.