బందెలదొడ్డిలో డ్రోన్

కొత్తది ఏదొచ్చినా మండలంలో మొదట తన చేనులోనే దిగాలని మా బాపు పంతం. కట్టంగూర్ పక్కన మా ఊరికి కలుపుమందు కొట్టే డ్రోన్ వచ్చిందని తెలియగానే, అమ్మను ఒక్క మాట అడగకుండా పిలిపించాడు. ఏది పంటో, ఏది కలుపో కెమెరాతో చూసి అదే తేల్చుకుంటుందట. కలుపు మీద మాత్రమే మందు కొడుతుందట. ఏఐ అట. ఆ మాటను బాపు కొత్త అల్లుడి పేరంత మర్యాదగా పలికాడు.

అమ్మ ఎప్పుడూ పత్తి సాళ్ల మధ్య కంది, బొబ్బర్లు, పుంటికూర పెడుతుంది. పత్తి బాపుది, అమ్ముకోవడానికి. మధ్య సాళ్లు అమ్మవి, ఏడాదంతా మేం తినడానికి. ఈ సంగతి డ్రోన్‌కు ఎవరూ చెప్పలేదు. అది పత్తిని ముట్టకుండా, అమ్మ పెట్టినదంతా కలుపు కింద జమకట్టి, సాలు తప్పకుండా కొట్టింది. వారం తిరిగేసరికి కంది మాడిపోయింది.

అమ్మ గట్టు మీద కూలబడి ఏడ్చింది. ఏడ్చాక కొంగు బిగించింది. మా ఇంట్లో భయపడాల్సింది ఆ రెండోదానికే.

డ్రోన్ ఎగరేసే అతను పక్క చేనుకు పనికొస్తే అమ్మ దారికడ్డంగా నిలబడింది.

"తమ్మీ, నా కందికి మందెందుకు గొట్టినవ్?"

"నేనేడ గొట్టిననమ్మా? బటన్ ఒత్తిన, గంతే. అంతా గా మిషినే చూసుకుంటది."

"మరి మిషిన్ ఎవరిది?"

"నాకేం ఎరుక? కంపెనోళ్లది."

కంపెనీకి ఫోన్ చేశాం. ఎత్తింది మనిషి కాదు, అదీ ఏఐయే. అమ్మ దాని ఏడు తరాలనూ కడిగేసింది. "నీ నోట్ల మన్ను వడ!" అంటే, అది తియ్యటి గొంతుతో "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అంది. అమ్మ ఫోన్ నా చేతిలో పడేసి, "గిదేం జన్మనే, తిడితే రోషం గూడ రాదు!" అంది.

అక్కడి నుంచి ఠాణాకు. జమాదారు సాబ్ మంచివాడే, చాయ్ తాగించాడు. "కేసు ఎవరి మీద రాయాలమ్మా? మిషిన్ మీద రాస్తే బేడీలు యాడ వెయ్యాలె?" అన్నాడు. తిలాపాపం తలా పిడికెడు అంటారు. ఇక్కడ ఆ పిడికెడు పట్టుకునే వాడు కూడా లేడు.

అప్పుడు అందరూ నా వైపు తిరిగారు. నేను నల్లగొండ కోర్టులో వకీలును. "నువ్వు గింత సదివితివి, గీ దానికి కానూన్ లేదా బిడ్డా?" అని అమ్మ అడిగితే నాకు ఒళ్లు మండింది. దావా వేయొచ్చు. కానీ అది తేలేలోపు ఇంకెన్ని చేలు మాడాలి? పైగా తానే తేల్చుకునే యంత్రానికి పూచీ ఎవరిదో సూటిగా చెప్పే చట్టం నాకు కనబడలేదు.

ఆ మంటలోనే బందెలదొడ్డి గుర్తొచ్చింది. ఒకరి చేను మేసిన గొడ్డును తోలుకొచ్చి పెట్టే పంచాయతీ జాగా అది. గొడ్డుగలవాడు వచ్చి, జుర్మానా కట్టి విడిపించుకోవాలి. "నేను మేయమనలేదు, అదే మేసింది" అంటే అక్కడ నడవదు. నేను సర్పంచ్ ఇంటికి వెళ్లి, డ్రోన్‌ను దొడ్లో పెట్టించమన్నాను.

"అది గొడ్డు కాదు గదా వకీలమ్మా?" అన్నాడాయన.

"గొడ్డుకు రెక్కలు ఉండొద్దని ఏ చట్టంల ఉన్నది?" అన్నాను.

కోర్టులో ఈ మాటంటే జడ్జిగారు నన్నే దొడ్లో పెట్టించేవారు. సర్పంచ్ మాత్రం వెంటనే తలూపాడు. మర్నాడు డ్రోన్ దిగాల్సింది ఆయన చేనులోనే, అక్కడ ఆయన భార్య కూడా కంది పెట్టింది.

అలా డ్రోన్ దొడ్లోకి వెళ్లింది. అప్పటికే లోపలున్న దున్నపోతు ఒకటి దాన్ని వాసన చూసి, నచ్చక, అటు తిరిగి నిలబడింది. ఎగరేసే అతను లబోదిబోమంటూ ఎవరికో ఫోన్ చేశాడు.

ఇక చూడండి! అన్ని రోజులూ ఎవరిదీ కాని మిషన్‌కు పొద్దుగూకేలోపే యజమాని పుట్టుకొచ్చాడు. తెల్ల కారు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కాగితాలు. "ఇది నాదండీ, నాదే" అని ఊరందరికీ చూపించాడు. బాపు నవ్వు ఆపుకోలేక తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"జుర్మానా ఎంతో చెప్పండమ్మా, కట్టేస్తాను" అన్నాడాయన.

అమ్మ ఆ మాట పట్టించుకోలేదు. ఆయనను చేనుకు నడిపించుకుపోయి, మాడిన కంది సాలులో నిలబెట్టింది.

"ఎగిరేసే ముందు గీ సాళ్ల పొంటి ఒక్కపారి నడిస్తే నీ కాళ్లరుగుతయా సారూ?"

"అలా నడవాలని రూల్ ఏమీ లేదమ్మా."

"రూల్ లేకుంటే కండ్లు గూడ లేవా? కందిని సూసి కలుపనుకున్నది. గియ్యాల కందే పాయె. రేపు గిసొంటిదే ఇంకోటి మనుషులను సూసి కలుపనుకుంటే? గప్పుడు గూడ అంతా అయినంక వచ్చి నాదంటవా?"

బాపు తువ్వాల తీసేశాడు, ముఖంలో నవ్వు లేదు. నాకు భయం వేసింది.

యజమాని కాగితాలు నా చేతికిచ్చి, చెప్పులు విడిచి, సాలు మొదటికి పోయి నడవడం మొదలుపెట్టాడు.