పదో పేరు

మొన్న సాయంత్రం మా కోడలు టీవీలో ఏదో అంతరిక్షం సీరియల్ చూస్తోంది. దారి తప్పిన నౌకలో ఒంటరిగా మిగిలిన మనిషి, చుట్టూ చీకటి, వెనక ఓ పాత సినిమా పాట. కోడలు కళ్ళు తుడుచుకుని, "ఎవరికి తట్టిందో మామయ్యగారూ ఈ ఆలోచన" అంది. "నాకే" అన్నాను. ఈ ఊళ్ళో టీవీ అన్నదే లేని రోజుల్లో, చిక్కడపల్లిలో నేనో నాటకం వేశాననీ, చంద్రమండలం దాటిపోయినవాడికి సినిమా పాట వినిపించాననీ, వెయ్యి మంది వెక్కివెక్కి ఏడ్చారనీ చెప్పాను. ఆ పిల్ల నమ్మేసింది. నమ్మకపోయి ఉంటే ఇది రాసే అవసరం ఉండేది కాదు.

చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన ఏడాది అది. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో కాలేజీలు మూతపడ్డాయి. కోస్తా నుంచి వచ్చిన మాలాంటి వాళ్ళ ఇళ్ళలో పెట్టెలు సర్దుకోవాలా వద్దా అన్నదే మాట. చిక్కడపల్లి పక్కనే అశోక్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటివాళ్ళు మాత్రం మీరేడికి పోతరు, కూసోండ్రి అని మా నాన్నను కసిరేవారు. వాళ్ళమ్మాయిని నేను అక్కా అనేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు, గుండె జబ్బు. గడప దాటొద్దన్నారు డాక్టర్లు. కిటికీ పక్కన మంచం, తలగడ పక్కన రేడియో. కోరిన పాటల కార్యక్రమానికి కార్డులు రాసి రాసి, ఒక్కసారైనా తన పేరు చదువుతారేమోనని చెవి ఒగ్గి పడుకునేది. వాళ్ళు చదివిన పాపాన పోలేదు.

నాటకం ఆలోచన ఆమెదే. నేను చేసిందల్లా కాగితం మీద పెట్టడం. "అంత దూరం పోయినోనికి బువ్వ కన్న ముందు పాట యాదికొస్తది తమ్మీ" అంది. మన ఊరి కోరిన పాటల కార్యక్రమం ఏళ్ళకేళ్ళు ప్రయాణం చేసి అతని నౌకలోని రేడియోకి అందుతుంది. వరసగా పేర్లు వినిపిస్తాయి, తర్వాత పాట. ఆ పేర్లవాళ్ళెవరూ అప్పటికి భూమ్మీద లేరు. ఇంత కథా చెప్పి నన్ను అడిగింది ఒక్కటే. "పది పేర్లు పెట్టు. ఆఖరుది నాది. మైకు మా దిక్కు తిప్పిస్తే ఈడ పండుకొని ఇంట."

నారాయణగూడ నుంచి మైకు సెట్టు తెప్పించి, హారన్ ఆమె కిటికీ వైపే కట్టించాను. పేర్లు చదివేది నేను. పదో పేరు వినగానే రికార్డు మీద సూది దించమని మైకు సెట్టాయనకు చెప్పి ఉంచాను. తీరా నిలబడి చూస్తే ముందు వరుసలో కాలనీ సంఘం అధ్యక్షుడు, ఆయన పక్కన కాలేజీలో చదివే ఆయన కూతురు. నోరు ఊరుకోలేదు. ఆ రెండు పేర్లూ మధ్యలో దూర్చాను. మైకు సెట్టాయన వేళ్ళు మడుచుకుంటూ లెక్క పెట్టుకున్నాడు, పది కాగానే సూది దించాడు. కాగితం మీది ఆఖరి రెండు పేర్లూ, అందులో అక్కదీ, నా నోట్లోనే ఉండిపోయాయి. చెయ్యెత్తి ఆపమంటే ఆపేవాడే. కానీ అధ్యక్షుడు చప్పట్లు కొడుతున్నాడు, కూతురు నవ్వుతోంది. నేను దండం పెడుతూ నిలబడ్డాను. అన్నట్టు, చూసినవాళ్ళు వెయ్యి కాదు, అరవై మంది. ఏడ్చింది ఒక్క చంటిపిల్ల, అదీ దోమలకు.

మర్నాడు వెళ్ళి, చదివానక్కా, పాట హోరులో కలిసిపోయినట్టుంది అన్నాను. ఆమె రేడియో చప్పుడు తగ్గించి నా వైపు తిరిగింది.

"ఇన్న తమ్మీ. మంచిగనే సదివినవ్."

ఆ దసరా ఆమె చూడలేదు. పరామర్శకు వచ్చినవాళ్ళంతా వెళ్ళిపోయాక వాళ్ళమ్మ నన్ను కూర్చోబెట్టుకుని, నాటకం నాటి సంగతి తనంతట తానే ఎత్తింది. "పాట అయిపోయేదాక మమ్ముల మాట్లాడనియ్యలే బిడ్డా. పాటెనుక ఇంక పేర్లుంటయేమోనని, హారన్ ఇప్పేదాక అట్లనే చెవి పెట్టి కూసున్నది." అందులో నిష్ఠూరం లేదు. కూతురి గురించి చెప్పుకోవడానికి మిగిలిన నాలుగు ముచ్చట్లలో అదొకటి, అంతే.

మేం ఊరు వదల్లేదు. అక్క ఇరవై రెండేళ్ళ దగ్గరే ఆగిపోయింది, నేను డెబ్భై ఆరుకొచ్చాను. ఇప్పుడామె నాకు మనవరాలి ఈడు. కాలం మా వయసులను తారుమారు చేసింది గానీ, ఆమె ముందు తలెత్తలేని తమ్ముణ్ణి మాత్రం ఇన్నేళ్ళలో ఒక్క రోజు కూడా పెద్దవాణ్ణి చేయలేదు.