నేను చెప్పేదాకా దిగొద్దు

బాలాత్రిపురసుందరిగారంత పిరికి మనిషిని నా సర్వీసులో చూడలేదు. లిఫ్టంటే భయం, కుక్కంటే భయం, ఉరుమంటే ఇక చెప్పనే అక్కర్లేదు. మియాపూర్‌లో మెట్రో కోసం నిలబడితే వీపు గోడకు ఆనాల్సిందే. ఆఫీసుకొచ్చి కూర్చున్నాక, "రంగనాథ్ గారూ, నేను గ్యాస్ కట్టేసే వచ్చానంటారా?" అని నన్నడుగుతారు. నేనేమన్నా వాళ్లింట్లో కాపురముంటున్నానా? విసుగొచ్చి, "కట్టేసిన్రు మేడం, నేను చూసిన" అనేవాణ్ణి. విచిత్రమేంటంటే ఆ మాటతో ఆవిడ నిజంగానే నెమ్మదించేవారు.

మేమిద్దరం యూనివర్సిటీలో ఒకే ఏడు ఉద్యోగంలో చేరాం. ఆవిడ పాలకొల్లు నుంచి, నేను ఈ చందానగర్ నుంచే. అప్పట్లో లింగంపల్లి స్టేషన్ దాటితే బండరాళ్లూ సీతాఫలం చెట్లూ తప్ప ఏమీ ఉండేవి కావు. ఇవాళ అద్దాల మేడలున్నచోట మేకలు మేసేవి. అలాంటిచోట మా యూనివర్సిటీ ఒక టెలివిజన్ స్టూడియో కట్టింది. మేం పాఠాలు తీసి ఢిల్లీ పంపిస్తే దేశమంతా చూసేది. నేను కెమెరా, ఆవిడ గొంతు. టేపులు ఇటుకల్లా ఉండేవి. ఎండాకాలం మనుషులకు ఫ్యాను లేకపోయినా టేపుల గదికి మాత్రం ఏసీ ఆగకూడదు. నాకు ఒళ్లు మండేది.

ఆవిడకొక పట్టింపు ఉండేది. ఏది చదివినా రెండుసార్లు రికార్డు చేయాలి. "మొదటిది దిష్టికండీ" అనేవారు. ఆ దిష్టి టేపును చెరిపితే అపశకునమట. దాని మీద ఎర్ర కాగితం అంటించి పక్కన పెట్టేవాళ్లం. రెండోది ఢిల్లీ వెళ్లేది. నేను ఎంత ఎగతాళి చేసినా ఆ అలవాటు పోలేదు. పోగాపోగా స్టూడియోలో అందరికీ అంటుకుంది.

ఒక్కసారే ఆవిడతో లైవ్ చేయించారు. విద్యార్థులు ప్రశ్నలడుగుతారు, ఆవిడ చదివి వినిపించాలి. ఎర్రలైటు వెలగ్గానే ఆవిడ నోరు కదిలింది కానీ మాట బయటకు రాలేదు. కెమెరా అద్దంలో ఆ మొహం నాకిప్పటికీ గుర్తే. కళ్లు నన్నే బతిమాలుతున్నాయి. నేనేం చేయను? దేశమంతా ఆ మొహాన్ని చూసింది. ఆ తర్వాత ఆవిడ లైవ్ మైకు ముందు కూర్చోలేదు. ఎవరూ కూర్చోమననూ లేదు.

పాఠాలు పిల్లల ఫోన్లలోకి వెళ్లిపోయాక టీవీ స్టూడియో మూతపడింది. లైట్లు పాతసామాన్లవాడికి పోయాయి. అదే భవనంలో చిన్న రేడియో స్టేషన్ పెట్టారు. దాని టవరు పెద్దదేం కాదు. లింగంపల్లి, చందానగర్, చుట్టుపక్కల బస్తీలు, అంతే. కానీ టీవీలో రాని చుట్టరికాలు రేడియోలో వచ్చాయి. మొగిలికుంట బస్తీ నుంచి బుచ్చమ్మ అనే ముసలావిడ ప్రతి మంగళవారం ఫోన్ చేసి సుందరిగారితో మాట్లాడేది. కోడలి జ్వరం దగ్గర్నుంచి కొత్తిమీర ధర దాకా అన్నీ చెప్పేది. "సుందరమ్మా, నువ్వు చెప్పు, మందులు ఏసుకోవాల్నా వద్దా?" అనేది. ఇద్దరూ ఒకర్నొకరు ఎన్నడూ చూసుకోలేదు.

ఈ వానాకాలం మొదట్లో అధికారులు మాక్ డ్రిల్ పెడతామన్నారు. బస్తీ పైనున్న మొగిలికుంట చెరువు కట్ట తెగినట్టు రేడియోలో ప్రకటన రావాలి, బస్తీ జనం ఎత్తయిన చోటికి వెళ్లడం సాధన చేయాలి. సుందరిగారు ఎప్పటిలాగే రెండుసార్లు చదివారు. మొదటిసారి "ఇది సాధన మాత్రమే" అన్న ముక్క మరిచిపోయారు. పైగా కాగితంలో లేని మాటొకటి సొంతంగా చేర్చారు. "ఎవరు చెప్పినా నమ్మొద్దు. రేడియోలో నేను చెప్పేదాకా కిందికి దిగొద్దు."

"అదెందుకు మేడం?" అన్నాను.

"ఏమోనండీ, ఎవరో వచ్చి ఏం పర్లేదు దిగండంటే దిగిపోతారేమోనని భయమేసిందండీ."

రెండోది సరిగ్గా వచ్చింది. మొదటిది దిష్టికి కంప్యూటర్లోనే ఉండిపోయింది. కంప్యూటర్లో ఫైలుకు ఎర్ర కాగితం ఎక్కడ అంటిస్తాం?

డ్రిల్లు ఇంకా వారం ఉందనగా ఒక మధ్యాహ్నం కుండపోతగా వాన పట్టుకుంది. మేం క్యాంటీన్లో టీ తాగుతున్నాం. కరెంటు పోయి వచ్చింది. గోడమీది రేడియో గరగరమని, మళ్లీ పలికింది. సుందరిగారి గొంతే. మొగిలికుంట కట్టకు గండి పడింది. ఉన్నవాళ్లు ఉన్నట్టే ఎత్తయిన చోటికి వెళ్లాలి.

"అయ్యయ్యో! గండి పడిందటండీ!" అంటూ సుందరిగారు లేచి నిలబడ్డారు. చేతిలో గ్లాసు జారిపోయింది. ఒక్క క్షణం ఆవిడ కూడా తన గొంతును నమ్మేశారు. అంతలోనే మొహం పాలిపోయింది. "రంగనాథ్ గారూ... దిష్టిది..."

వానలో పడి పరిగెత్తాం. కరెంటు రాగానే కంప్యూటరు తనంతట తాను లేచి, మొదట కనబడ్డ ఫైలు మోగించేసింది. ఆపేసరికే ప్రకటన పూర్తయింది. మైకు దగ్గర మమత ఉంది. మా దగ్గర పరిశోధన చేస్తూ రేడియోలో సాయం చేసే అమ్మాయి.

"మేడం, మీరే చెప్పండి, తప్పని! మీ గొంతయితే నమ్ముతరు" అంది మమత.

సుందరిగారు కుర్చీ దాకా వెళ్లారు. ఎర్రలైటు చూశారు. "నావల్ల కాదమ్మా, నువ్వు చెప్పెయ్, నీకు పుణ్యముంటుంది" అని వెనక్కి వచ్చేశారు. నాకు చిర్రెత్తింది. కానీ తిట్టడానికి అది సమయమా? మమతే చెప్పింది. కట్ట తెగలేదు, పొరపాటున వచ్చింది, భయపడకండి అని మళ్లీ మళ్లీ చెప్పింది.

కాసేపటికి ఫోన్ మోగింది. బుచ్చమ్మ కొడుకు ఓంకార్. ఆటో నడుపుతాడు.

"సార్, అందరు ఎనక్కి వచ్చిన్రు. మా అమ్మ దిగుతలేదు సార్. సగం కట్టి ఇడిసిపెట్టిన బిల్డింగ్ మీద ఎక్కి కూసున్నది. నా కొడుకు చిన్నుగాడు గూడ ఆమెతోనే ఉన్నడు. ఫోను గుడిసెలనే ఉన్నది, రేడియో ఒక్కటే పట్కపోయింది. ఎవలన్న ఎక్కితే అంచుకు జరుగుతున్నది సార్!"

"నేనొస్తానండీ. నన్ను చూస్తే దిగుతుంది" అన్నారు సుందరిగారు. మైకు ముందు కూర్చోవడం కంటే వానలో వెళ్లడమే ఆవిడకు తేలికనిపించిందని నాకు అర్థమైంది. స్కూటరు మీద దారి పొడవునా నా చొక్కా పట్టుకుని దేవుళ్లందరికీ మొక్కుతూనే ఉన్నారు.

ఆ బిల్డింగు పని సగంలోనే ఆగిపోయింది. స్తంభాలూ స్లాబులూ తప్ప గోడల్లేవు. పైన అంచుకు పిట్టగోడ కూడా లేదు, వంకర ఇనుప చువ్వలే. వాటి పక్కన బుచ్చమ్మ. మూడేళ్ల పిల్లవాణ్ణి కొంగుతో నడుముకు కట్టుకుంది. చెవి దగ్గర ప్లాస్టిక్ కవర్లో రేడియో. కింద జనం అరుస్తున్నారు. మెట్ల మీద ఒకతను రెండడుగులు వేయగానే ఆవిడ లేచి అంచువైపు జరిగింది. పిల్లవాడు ఏడ్చాడు. అతను వెంటనే వెనక్కి దిగిపోయాడు.

"బుచ్చమ్మా! నేనేనమ్మా, సుందరిని! దిగమ్మా!" అని సుందరిగారు అరిచారు. వానకీ ఏడుపుకీ ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

"నువ్వా? సుందరమ్మ గిట్ల మొత్తుకుంటదా?" అంది బుచ్చమ్మ పైనుంచి. "మొన్న గుడిసెలు ఖాలీ చెయ్యమన్నోళ్లు గూడ గిట్లనే పేరు వెట్టి పిలిచిన్రు. సుందరమ్మ రేడియోల చెప్తేనే దిగుత. ఎవలు చెప్పినా నమ్మొద్దన్నది."

ఉరిమింది. సుందరిగారు చెవులు మూసుకుని అక్కడే కూలబడ్డారు. నేను మమతకు ఫోన్ కలిపాను. స్పీకరు పెట్టి మైకు ముందు పెట్టమన్నాను. ఫోన్ ఆవిడ చేతికిచ్చాను.

"మాట్లాడండి మేడం."

నోరు కదిలింది. మాట రాలేదు. కెమెరా అద్దంలో చూసిన మొహమే మళ్లీ నా ముందు ఉంది. కళ్లు నన్నే బతిమాలుతున్నాయి. ఈసారి కూడా నేనేం చేయలేను. పైన బుచ్చమ్మ కాలు తడి స్లాబు మీద జర్రున జారింది. చువ్వ పట్టుకుని ఆగింది.

"బుచ్చమ్మా..." అన్నారు సుందరిగారు, ఫోన్లోకి, గుసగుసగా.

పైన రేడియో కూడా "బుచ్చమ్మా" అంది. ఆవిడ ఆగిపోయింది.

"నేనమ్మా, సుందరిని. కట్ట తెగలేదు. నీళ్లు రావు. తప్పు నాదే తల్లీ. చిన్నుని గట్టిగా పట్టుకుని, అంచు వదిలిపెట్టి, మెల్లగా దిగమ్మా. నేను చెబుతున్నాగా. దిగు."

బుచ్చమ్మ రేడియోను మొహం దగ్గర పెట్టుకుంది. "గిప్పుడు చెప్తున్నవా తల్లీ! గింతసేపు యాడ వోయినవ్?" అని దాన్ని గదమాయించింది. సుందరిగారు దెబ్బ తిన్నట్టు కళ్లు మూసుకున్నారు.

"ఆగకండి మేడం, మాట్లాడుతనే ఉండండి" అన్నాను. ఆవిడ ఆపలేదు. "మెట్టు తడిగా ఉంటుంది, చూసుకో. స్తంభం వైపు ఉండు. నేనున్నాను." ఒక్కో అంతస్తు దగ్గర బుచ్చమ్మ చీర రంగు కనబడి, మాయమై, మళ్లీ కనబడుతుంటే నేను అంతస్తులు లెక్కపెట్టుకుంటూ నిలబడ్డాను. చివరి మెట్టు మీద ఓంకార్ పిల్లవాణ్ణి లాక్కుని గుండెకు హత్తుకున్నాడు. సుందరిగారి చేతిలోంచి ఫోన్ బురదలో పడింది. గజగజా వణుకుతూ స్తంభాన్ని పట్టుకున్నారు.

బుచ్చమ్మ ఆవిడ వైపు చూసింది. ఓంకార్ భుజం మీది తువ్వాలు లాగి ఆవిడ తలకు చుట్టింది.

"నువ్వేనా కిందికెల్లి మొత్తుకున్నది? ఎందుకమ్మా గంత వణుకుతున్నవ్? ఏం కాలే. నీళ్లు రావట."

"రావాండీ?" అన్నారు సుందరిగారు, గొంతు పూర్తిగా పోయి.

"రావు బిడ్డా. సుందరమ్మ చెప్పింది గద. ఆమె చెప్తే ఇగ ఫికర్ లేదు."

సుందరిగారు ఆ ముసలావిడ భుజం మీద తలపెట్టి వెక్కి వెక్కి ఏడ్చారు. తానెవరో చెప్పలేదు. నేనూ చెప్పలేదు.