ఒక్క చేతి మీద నడిచిన బండి

మా పెద్దమ్మను అందరూ బ్రేకక్క అంటారు. కారు నడపడం నేర్పడం ఆమె పని. నేర్చుకునేవాళ్ల పక్కన కూర్చుని, తన కాళ్ల దగ్గర బిగించుకున్న రెండో బ్రేకు మీద పాదం ఆనించి, ఎంతమందిని గోడలు గుద్దకుండా కాపాడిందో లెక్కలేదు. టీవీలో కారు వేగంగా వచ్చినా కుర్చీలోంచే కాలు నొక్కుతుంది.

ఆమె నేర్పే బండి పాతబడింది. దాన్నిచ్చి కొత్తది తీసుకుందామని షోరూముకు ఫోను చేస్తే, మేనేజరు మాటలకు తేనె పూసి మంచి ధర చెప్పాడు. కొత్త బండికి అడ్వాన్సు చేతిలో పడగానే గొంతు మార్చాడు.

"నేర్పుడు బండి కదమ్మా! ప్రతివాడూ తొక్కి తొక్కి క్లచ్చు చంపేశాడు. సగానికి మించి రాదు."

"నిన్న ఫోన్లో ఏం చెప్పావు?"

"నిన్న బండి చూడలేదుగా."

అడ్వాన్సు వెనక్కి ఇవ్వరట. పెద్దమ్మ పళ్లు బిగించి సంతకం పెట్టింది. ఆ తేడా కట్టడానికి పెదనాన్న కంటి ఆపరేషను కోసం దాచిన డబ్బు తీయాల్సి వచ్చింది. ఆయన పేపరు ముక్కుకు ఆనించుకుని చదువుతున్నప్పుడల్లా, "వాడి సంగతి చూస్తాను" అనేది. మా పెద్దమ్మ మాటవరసకు అనే రకం కాదు.

కొన్నాళ్లకు నన్ను వెంటబెట్టుకుని అదే షోరూముకు వెళ్లింది. వెనక ఆవరణలో పాత బండ్ల వరసలో మా బండి మెరిసిపోతోంది. మేనేజరు ఒక కొత్త జంటకు దాన్ని చూపిస్తున్నాడు. ధర మాకిచ్చినదానికి రెట్టింపు.

"ఇంటి వాడకం సార్. ఒక్క చేతి మీద నడిచింది. ఎవరో టీచరమ్మది, ఇల్లూ బడీ తప్ప ఎక్కడికీ తిరగలేదు."

పెద్దమ్మ నవ్వింది. ఆ నవ్వు చూసి నాకే భయం వేసింది.

"ఆ టీచరమ్మను నేనే బాబూ," అంటూ తలుపు తీసి, డ్రైవరు పక్క సీటు ముందున్న కొత్త మ్యాటు ఎత్తింది. కింద బోల్టుల రంధ్రాలు. "నా రెండో బ్రేకు ఉన్న చోటు ఇదే. కొనేటప్పుడు నేర్పుడు బండి, అమ్మేటప్పుడు ఇంటి బండా?"

తనకు ఎంత కట్టాడో ఆవరణంతా వినబడేలా చెప్పింది. మేనేజరు ముఖంలో కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. అక్కడున్న మిగతావాళ్లు తాము చూస్తున్న బండ్ల మ్యాట్లు ఎత్తడం మొదలుపెట్టారు. నాకు భలే హాయిగా అనిపించింది.

"ఈవిడకిచ్చిన ధరకే అయితే తీసుకుంటాం," అన్నాడు ఆ కొత్త పెళ్లికొడుకు. గొడవ ముదరకుండా వాళ్లను పంపేస్తే చాలనుకున్నాడేమో, మేనేజరు సరేనన్నాడు.

"క్లచ్చు మార్పించుకోండి. ఇంజను మాత్రం బంగారం," అని పెద్దమ్మ వాళ్లకు చెప్పింది.

మేనేజరు గేటు దాకా వెంటపడ్డాడు. "ఇందులో మీకేం ఒరిగిందమ్మా? పైసా వచ్చిందా?"

"నీకు రాకుండా పోయింది చూడు, అదే నాకొచ్చింది."

ఇంటికొచ్చి చెబితే పెదనాన్న పడీపడీ నవ్వాడు. "నన్నూ తీసుకెళ్లాల్సింది! వాడి ముఖం చూసేవాణ్ణి."

పెద్దమ్మ ఆయన చేతిలోని పేపరు తీసి పక్కన పెట్టింది.

"ముందు నీ కళ్లు బాగు చేయిస్తాను," అంది. "ఆ తర్వాత మళ్లీ వెళ్దాం."