పిన్ని కారుకి కట్టిన నిమ్మకాయ

మొన్న పంజాగుట్ట సిగ్నల్ దగ్గర బానెట్ ఎత్తి, పొగలు కక్కుతూ నిలబడ్డ కారొకటి కనిపించేసరికి మా పిన్ని చేసిన మహాయుద్ధం గుర్తొచ్చింది. ఒక గృహిణి పెద్ద కార్ల కంపెనీని గడగడలాడించిన వీరగాథ చెబుతాను, వినండి. అంటే, గడగడలాడలేదు. ఏసీ గదిలో కుర్చీలో కాస్త ఇబ్బందిగా కదిలింది, అంతే.

పిన్ని యాభై దాటాక డ్రైవింగ్ నేర్చుకుని, కొత్త కారు కొనుక్కుంది. అమీర్‌పేట సందుల్లో ఆవిడ రివర్స్ చేస్తుంటే కోచింగ్ సెంటర్ల పిల్లలు చదువు మానేసి చూసేవారు. ఆటోవాళ్లతో బేరాలు, బాబాయి తీరిక కోసం ఎదురుచూపులు తప్పాయని మొహంలో కొత్త వెలుగు. ఏడాది తిరక్కుండానే, ఎర్రగడ్డ రైతుబజారు నుంచి వస్తుంటే కారు వేడెక్కి, వంకాయల సంచీతో సహా రోడ్డు మధ్యలో ఆగిపోయింది. చల్లబరిచే ఫ్యాన్ తిరగక ఇంజినే పోయిందట. "కంపెనీ బాగుచేస్తే సరే, లేదంటే అమ్మేద్దాం. ఇంకో రూపాయి పెట్టను," అన్నాడు బాబాయి.

పంజాగుట్టలో షోరూమ్ వెనకే సర్వీస్ సెంటర్. పిన్ని నన్ను తోడు తీసుకెళ్లింది, మాటసాయానికి కాదు, బ్యాగు పట్టుకోవడానికి. మేనేజర్ మర్యాదగానే చెప్పాడు: "మేడమ్, ముందట నిమ్మకాయ, మిరపకాయలు కట్టిన్రు గదా. గా దారం ఫ్యాన్ల చిక్కింది. బయటి వస్తువు. వారంటీల రాదు."

"దారం చిక్కిందా? అదిగో, ముందు అలాగే వేలాడుతోంది కదండీ!"

"గిది కాదు మేడమ్, పాతది. వారం వారం మారుస్తరు గదా. పాతది కాలిపోయి ఉంటది."

కనిపించని దారంతో ఎవరు వాదిస్తారు? బ్యాగు తీసుకుని లేద్దామా అన్నట్టు చూశాను. అంతలో షోరూమ్‌లో కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. ఎవరికో కొత్త కారు అప్పగిస్తున్నారు. షోరూమ్ తరఫున వచ్చిన పంతులుగారు దాని ముందు భక్తిగా నిమ్మకాయ, మిరపకాయలు కడుతుంటే సిబ్బంది చప్పట్లు కొడుతున్నారు.

పిన్ని లేచింది. "మా కారుకీ మొదట మీరే కట్టారండీ. ఇప్పుడే వెళ్లి వాళ్లతో చెప్పి రానా, పాపం, తాళాలు చేతికి రాకముందే మీ వారంటీ పోయిందని?"

"అమ్మా, జర ఆగుండ్రి! కూసోండ్రి. చాయ్ చెప్త."

చాయ్ వచ్చింది. కొన్నాళ్లకు కంపెనీ ఇంజినీరు కూడా వచ్చాడు. విప్పి చూస్తే దారం పోగైనా లేదు. ఫ్యాన్ మోటారే చచ్చిపోయింది. లోపం ఉందని మాత్రం కంపెనీ ఒప్పుకోలేదు. మా మీద అభిమానంతో కొత్త ఇంజిన్ ఉచితంగా వేస్తున్నామంది. "అభిమానమైతే అభిమానమే, బిగించమను," అంది పిన్ని.

ఆనాడు కొండంత అనిపించిన గొడవను కాలం అరగదీసి, భోజనాల దగ్గర నవ్వుకునే కబురుగా మార్చింది. పిన్ని ఇప్పుడు యూసుఫ్‌గూడ, బోరబండ అన్నీ ఆ కారులోనే చుట్టేస్తోంది. పంజాగుట్టకు మాత్రం మెట్రోలో వెళ్తుంది. అక్కడ పార్కింగ్ దొరకదు.