నీలం బండి కదలని శుక్రవారం

పాతికేళ్ళకు పైగా మోస్తున్న మాట ఇది. ఇంట్లో చెప్పలేదు. తోటి పనివాళ్ళకు చెప్పలేదు. చెప్పవలసిన మనిషి ఎదురుగా కూర్చుని నాకు టీ పోసి ఇచ్చినప్పుడు కూడా చెప్పలేదు. ఎవరైనా నా పనితనాన్ని మెచ్చుకుంటే చాలు, ఏదో పని ఉందని అక్కణ్ణుంచి లేచిపోతాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

నేను దొంగతనం చేశాను. అదొక్కటే అయితే ఇన్నేళ్ళ తర్వాత ఇలా కూర్చుని రాసేవాణ్ణి కాదు. ఆ దొంగతనం వల్ల ఒక గొప్ప పనివాడు తన చేతుల్ని తానే నమ్మడం మానేశాడు. కారణం నేనని తెలిసీ నోరు మూసుకున్నాను. కాదు, నోరు మూసుకున్నా బాగుండేది. నోరు తెరిచి ఒక మాట అన్నాను. దాని దగ్గరికి వస్తాను.

మాది జగిత్యాల వైపు పల్లె. ఎనభైల చివర్లో, ముప్ఫై ఏళ్ళ వయసులో, మెకానిక్ వీసా మీద మస్కట్ వెళ్ళాను. అజైబా పేటలో వర్క్‌షాపు. ముందు అద్దాల షోరూమ్, వెనక రేకుల షెడ్లు. ఒకే ఒక్క అమెరికన్ కంపెనీ కార్లు అక్కడ అమ్మేవాళ్ళు, బాగుచేసేవాళ్ళు. ఆ కంపెనీ పేరు రాయను. రాసినా ఇప్పటి పిల్లలకు తెలియదు. ఆ పేరుతో బండ్లు తయారు కావడం ఎప్పుడో ఆగిపోయింది. మేమంతా వాటిని ‘అమ్రీకీ’ అనేవాళ్ళం.

ఆ షెడ్డులో ఖాదర్ భాయ్ పెద్ద మేస్త్రీ. కడప మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. తోటి ముస్లింలతో ఉర్దూ మాట్లాడేవాడు, నాతో మాత్రం తెలుగే. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్ళు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకుని వినేవాడు. ఎన్నో సిలిండరులో ఏ వాల్వు అరిగిందో చెప్పేవాడు. విప్పి చూస్తే అదే. ఆయన మాట తప్పగా నేను చూడలేదు. నాకు చేతనైన పనంతా ఆయన పక్కన నిలబడి నేర్చుకున్నదే.

ఆ బండ్ల మంచిరోజులు నేను చూడలేదు. ఆయన చెప్తే విన్నాను. ఆయన కొత్తగా వచ్చినప్పుడు కొత్త బండ్ల ఓడ రేవుకొచ్చిన రోజున షోరూమ్ ముందు జాతరలా ఉండేదట. పెద్ద ఆఫీసర్లు, వ్యాపారులు, ఖర్జూరం తోటల ఆసాములు, అందరికీ ఆ బండే కావాలి. పొడుగాటి ముక్కు, మంచంలాంటి సీటు, ఎంత ఎండలోనైనా చల్లగాలి. ఆ బండి వాకిట్లో ఉంటే ఆ ఇంటికి పిల్లనిస్తారని నవ్వుతూ చెప్పేవాడు. నేను వెళ్ళేసరికే ఆ జోరు తగ్గింది. జపాన్ బండ్లు వచ్చాయి. చిన్నవి, పెట్రోలు తక్కువ తాగుతాయి, సామాను ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది. మా షోరూమ్‌లో ముందు ఆరు బండ్లు నిలబడేవి, తర్వాత మూడు, తర్వాత ఒకటి. ఆ ఒక్కదాన్నే రోజూ తుడిచేవాళ్ళు. బోర్డు మీద ఎర్రరంగు ఎండకు గులాబీ రంగయింది, మళ్ళీ ఎవరూ వేయించలేదు.

షెడ్డు వెనక ఖాళీ జాగాలో ఒక నీలం బండి ఉండేది. దాని యజమాని జపాన్ బండి కొనుక్కుని దీన్ని వదిలేసి పోయాడు. అద్దం పగిలి, టైర్లు కూలబడి, సీట్ల నిండా ఇసుక. ఖాదర్ భాయ్ మేనేజర్ని బతిమాలి దాన్ని బాగుచేసుకోవడానికి అనుమతి తెచ్చుకున్నాడు. సొంతం చేసుకోవడానికి కాదు. అన్నేళ్ళుగా ఆ బండ్లు బాగుచేస్తున్నా, షెడ్డు నుంచి గేటు దాకా, గేటు నుంచి రోడ్డు మలుపు దాకా తప్ప వాటిని ఆయన నడిపింది లేదు. ఒక్కసారి సముద్రం పక్క రోడ్డు మీద షినాస్ ఊరి దాకా వెళ్ళాలి. అద్దాలు దించుకుని, ఎవరి బండో అన్న భయం లేకుండా వెళ్ళి రావాలి. అంతే ఆయన కోరిక. నడిచేలా చేస్తే ఒక రోజు ఇస్తానన్నాడు మేనేజర్, అవుతుందన్న నమ్మకం లేకుండానే.

మూడేళ్ళు సెలవు శుక్రవారాలన్నీ దానికే పెట్టాడు. నమాజుకు వెళ్ళొచ్చి, అన్నం తిని, నీలం బండి కింద దూరేవాడు. నేనూ చాలా శుక్రవారాలు ఆయనతో కూర్చున్నాను. పని చేస్తూ ఆ రోడ్డు గురించి మాట్లాడేవాడు. ఎక్కడ ఆగి టీ తాగాలో, ఎక్కడ చేపల పడవలు కనిపిస్తాయో, ఎప్పుడో వేరేవాళ్ళ లారీలో పోతూ చూసినవన్నీ. గేర్‌బాక్స్‌లో ఉండే ఆయిల్ పంపు దొరక్క రెండేళ్ళు ఆగాడు. ఆ పంపు లేకపోతే ఇంజన్ ఎంత అరిచినా చక్రం తిరగదు. చివరికి బురైమి వైపు ఒక పాత ఇనుము యార్డులో దొరికింది. దాన్ని కిరోసిన్‌లో కడిగి, గుడ్డలో చుట్టి, పసిపిల్లను తెచ్చినట్టు తెచ్చాడు. తన చేత్తోనే గేర్‌బాక్స్‌లో అమర్చి, బండికి ఎక్కించాడు. ఇంకా బ్రేకులు, రేడియేటరు మిగిలాయి కాబట్టి నడిపి చూడలేదు.

అప్పుడే ఆయన్ని బురైమికి పంపారు, అక్కడ రెండు బండ్లు చూడాలని. పదిహేను రోజుల పని. ఆయన వెళ్ళిన రెండో రోజు షినాస్ నుంచి ఒక అమ్రీకీ బండిని లారీ మీద తెచ్చారు. మా అర్బాబ్, అంటే కంపెనీ యజమాని, ఆయన పెదనాన్న బండి అది. ముసలాయనకు ఆ బండి మీద ప్రాణం. నేను విప్పి చూశాను. గేర్‌బాక్స్ పంపు అరిగిపోయింది. కొత్తది ఎక్కడా లేదు, తెప్పిస్తే ఎన్ని నెలలో తెలియదు.

మేనేజర్ నన్ను లోపలికి పిలిచాడు. అమ్రీకీ షెడ్డు త్వరలో మూసేస్తారని, ఇద్దరు ముగ్గుర్ని మాత్రం జపాన్ బండ్ల వైపు తీసుకుంటారని, ఈ బండి వారంలో నడిస్తే నా పేరు ముందుంటుందని చెప్పాడు. బెదిరించలేదు. మంచిగానే చెప్పాడు. నేను బయటికొచ్చి షెడ్డులో నిలబడితే, వెనక కిటికీలోంచి నీలం బండి కనిపిస్తూనే ఉంది.

అడిగి ఉండొచ్చు కదా? బురైమికి ఫోన్ ఉంది. ఉస్తాద్, ఇట్లా ఉంది నా పరిస్థితి అంటే ఆ మనిషి కాదనేవాడా? తీసుకో అనేవాడని నాకు తెలుసు. తెలుసు కాబట్టే అడగలేదేమో. అడిగితే ఆయన దయ మీద బతికినట్టవుతుంది. అడగకపోతే నా తెలివి మీద బతికినట్టు. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు, ఇప్పుడు అనిపిస్తోంది. ఇది కూడా నన్ను నేను కాస్త మంచిగా చూపించుకోవడానికేనేమో, తెలియదు.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా షెడ్డుకు సెలవు. ఎండకు అందరూ రూముల్లో పడుకునేవాళ్ళు. మూడు మధ్యాహ్నాలు నేను రూముకు పోలేదు. నీలం బండి గేర్‌బాక్స్ దించి మంచి పంపు తీసుకున్నాను. అరిగిన పంపు అందులో పెట్టి, ఆయన బిగించినట్టే బిగించి, ఆయన పూసినట్టే గ్రీజు పూసి, దాని మీద ఇసుక కూడా చల్లాను. ఆయన నేర్పిన శుభ్రతంతా ఆ పనిలో చూపించాను. పంపు దుబాయ్ నుంచి వచ్చిందని అందరికీ చెప్పాను. నిజంగా దుబాయ్‌లో ఇంకొకటి వెతికి, ఆయనకు తెలియకుండా మార్చేద్దామని నాకు నేను చెప్పుకున్నాను. ఒక్క ఫోన్ కూడా చేయలేదు.

ముసలాయన బండిని షినాస్‌లో అప్పగించమని నన్నే పంపారు. సముద్రం పక్క రోడ్డు మీద, ఆ మంచంలాంటి సీటులో కూర్చుని, ఆ బండిని నేను నడిపాను. ఖాదర్ భాయ్ కోరుకున్న రోడ్డు. ఖాదర్ భాయ్ తెచ్చిన పంపు. కుడివైపు నీళ్ళు మెరుస్తున్నాయి. ఎక్కడా ఆగలేదు. అద్దాలు దించలేదు. ముసలాయన తలుపు దగ్గరే ఎదురొచ్చి, ఖర్జూరాలు పెట్టి, కాఫీ పోసి, నా వీపు తట్టాడు. మంచి ఉస్తాద్‌వి అన్నాడు.

ఖాదర్ భాయ్ తిరిగొచ్చాక బ్రేకులు, రేడియేటరు పూర్తిచేశాడు. అంతలోనే కబురు వచ్చింది. షెడ్డు మూసేస్తున్నారు, వెనక జాగా ఆదివారానికల్లా ఖాళీ చేయాలి. ఖాదర్ భాయ్‌కి వీసా రద్దు, సోమవారం విమానం. నా పేరు జపాన్ వైపు ఉంది. ఆయన నా భుజం పట్టుకుని సంతోషించాడు. మేనేజర్ మాట నిలబెట్టుకున్నాడు. శుక్రవారం బండి నీది అని ఖాదర్ భాయ్‌తో అన్నాడు.

ఆ శుక్రవారం పొద్దున ఆయన ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. ఫ్లాస్కులో టీ. నన్ను పక్క సీట్లో కూర్చోమన్నాడు. ఒంట్లో బాగాలేదని చెప్పి తప్పించుకోవాలనుకున్నాను, ఆ మొహం చూసి కాదనలేకపోయాను. తాళం తిప్పగానే మొదటిసారికే ఇంజన్ అందుకుంది. కళ్ళు మూసుకుని విన్నాడు, నవ్వాడు. గేరు వేసి కాలు నొక్కాడు. ఇంజన్ అరిచింది. బండి కదలలేదు. వెనక్కి వేశాడు. కదలలేదు. మళ్ళీ ముందుకు. దిగి ఆయిల్ చూశాడు, కింద దూరి అన్నీ చూశాడు. తెల్లచొక్కా వీపంతా మట్టయింది. గేర్‌బాక్స్ దించి విప్పి, బాగుచేసి మళ్ళీ ఎక్కించడానికి రోజులు లేవు. ఇంజన్ ఆపి, తలుపు తెరిచి, అలాగే సీటు అంచున కూర్చున్నాడు.

“పంపు నేనే కూచోబెట్టినా గదా అబ్బీ.”

“అవును ఉస్తాద్.”

“అది మంచి పంపు. చూసి తెచ్చినా. నేనే తప్పు కూచోబెట్టినా.”

నేను పాత సామాను గంతే ఉంటది అని ఏదో గొణిగాను. ఆయన వినలేదు. తన రెండు చేతులూ ముందుకు చాపి చూసుకుంటున్నాడు.

“తప్పు బిగిచ్చేటప్పుడు చేతికి తెలుస్తాది. నాకు తెలీలా. నువ్వు నా పక్కనే ఉంటావు, నిజం చెప్పు. ఈ మధ్య నా పనిలో నీకేమన్నా తేడా కనపడిందా?”

అదీ ఆ క్షణం. అంతకంటే పెద్ద తలుపు నాకు ఎవరూ తెరవలేదు. లేదు ఉస్తాద్ అంటే చాలు, నిజం చెప్పకపోయినా. అలా అంటే ఆయన పంపు మీద అనుమానపడతాడు, రాత్రంతా కూర్చునైనా విప్పి చూస్తాడు అని భయపడ్డాను.

“వయసు మీద పడుతుంది గద ఉస్తాద్,” అన్నాను. “అందరికీ అయితది.”

ఆయన నన్ను చూడలేదు. తల ఊపాడు. “ఎన్ని బండ్లు ఇట్లా చేసి పంపిచ్చినానో,” అన్నాడు మెల్లగా. ఫ్లాస్కులో టీ నా చేతికిచ్చి రూముకు పోయాడు.

ఆదివారం క్రేన్ వచ్చి నీలం బండిని ఎత్తుకుపోయింది. సోమవారం ఆయన వెళ్ళిపోయాడు. నేను జపాన్ బండ్ల మీద ఇంకా చాలా ఏళ్ళు పనిచేశాను. మంచి పేరు తెచ్చుకున్నాను. అమ్రీకీ బండి ఎప్పుడైనా రోడ్డు మీద కనిపిస్తే తల తిప్పుకునేవాణ్ణి. కొన్నాళ్ళకు అవీ కనిపించడం మానేశాయి.

తొంభైల చివర్లో సెలవు మీద వచ్చినప్పుడు కడప వెళ్ళాను. చెప్పేయాలనే వెళ్ళాను. ఆయన మేనల్లుడికి లారీల షెడ్డు ఉంది. ఖాదర్ భాయ్ అక్కడ ఒక పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, శుభ్రమైన చేతులతో. మామ పనిముట్టు ముట్టుకోడని మేనల్లుడు నాతో విడిగా చెప్పాడు. ఎవరైనా పని పట్టుకుని ఆయన కోసమే వస్తే, మస్కట్‌లో ఆఖర్న ఒకటి తప్పు చేసినా, నా చేతికి ఇయ్యొద్దండి అంటాడట. ఖాదర్ భాయ్ నన్ను చూసి ఎంతో సంబరపడ్డాడు. టీ తెప్పించి తనే గ్లాసులో పోసిచ్చాడు. అజైబా ఎట్లా ఉంది, సముద్రం రోడ్డు వెడల్పు చేసినారంట గదా, షినాస్ దాకా పోయినావా అని అడిగాడు. పోలేదు అన్నాను. ఎప్పుడన్నా పో, బాగుంటాది అన్నాడు.

టీ తాగి వచ్చేశాను. రెండేళ్ళకు ఆయన పోయాడని తెలిసింది.

ఇప్పుడు ఎవరికి చెప్పినా ఏం మారుతుంది? ఆయన వినడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, ఉన్నా అడిగే మొహం లేదు. రాస్తుంటే మాత్రం ఊపిరి కొంచెం సులువుగా ఆడుతోంది. అంతకుమించి నాకు రావలసింది ఏమీ లేదు. నా పేరు ఇక్కడ పెట్టలేదు, అంత ధైర్యం ఇప్పటికీ రాలేదు. ఖాదర్ భాయ్ పేరు మాత్రం మార్చలేదు. కడపలో ఆయన్ని ఎరిగినవాళ్ళు ఎవరైనా ఇది చదివితే తెలుసుకోండి. ఆ పంపు ఆయన సరిగ్గానే కూర్చోబెట్టాడు. చివరి రోజు దాకా ఆ చేతుల్లో ఏ తేడా రాలేదు.